పెద్దమ్మ నోట ఆ ఒక్క పేరు

మా పెద్దమ్మ పోయింది. మదనపల్లె ఆస్పత్రి నుంచి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను కుప్పంలో బెంగళూరు రైలు కోసం నిలబడి ఉన్నాను. రైలు వదిలేసి, వి.కోట బస్సెక్కి దారంతా ఏడ్చాను.

ఆమె ఎప్పుడూ తన మొగుడు, మా పెద్దనాయన పేరు ఎత్తేది కాదు. ఆ రోజుల్లో ఏ ఆడమనిషీ మొగుడి పేరు చెప్పేది కాదు గానీ, ఈమె పట్టింపు మరీ ఎక్కువ. ఆయన మునెప్ప కాబట్టి ఊరి చెరువుకట్ట మీదున్న మునీశ్వరుణ్ణి కూడా "కట్టమీద సామి" అనేది. నేను ఆటపట్టిస్తే, "పేరెత్తితే మొగునికి ఆయుసు తగ్గుతాదంట. నవ్వుకో, నాకేం" అనేది.

మాది పుంగనూరు దగ్గర, ఊరికి ఎడంగా ఉన్న మాలపల్లె. పోలింగు ఊళ్లోని బడిలో. డెబ్బైల్లో ఒక ఎలక్షన్‌కు ఆమె ముందు నిలబడిన పెత్తందారు కోడలు భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడితే, గుమాస్తా నవ్వి చీటీ ఇచ్చాడు. పెద్దమ్మ "కట్టమీద సామి పేరే సారూ" అంది. పక్కన ఏజెంటుగా కూర్చున్న పెత్తందారు మనిషి, "మొగుని పేరే తెలీదు, ఇది దొంగ వోటు" అన్నాడు. మా పల్లె ఆడవాళ్లందర్నీ అదే ప్రశ్న అడిగి వెనక్కి పంపారు. సాయంత్రం మళ్లీ వెళ్తే, "మీ వోట్లు పడిపోయినాయి, పోండి" అన్నారు.

"సిగ్గు వాళ్లకైతే మర్యాద, మనకైతే దొంగతనమా?" అంది ఆ పూట సంగటి కెలుకుతూ. ఆమె అంత కోపంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

మళ్లీ ఎలక్షన్ వచ్చింది. గుమాస్తా ఇంకా అడగనే లేదు. "నా మొగుడు మునెప్ప. మునెప్ప. సూసుకో సారూ" అంది పెద్దమ్మ, బయట లైనులో ఉన్న మాకందరికీ వినబడేలా. పెత్తందారు మనిషి కాగితాలు తిరగేస్తూ ఉండిపోయాడు. వెనకాల ఆడవాళ్లు ఒక్కొక్కరే మొగుళ్ల పేర్లు చెప్పి ఓట్లేసి వచ్చారు.

ఇంటికొచ్చాక మాత్రం పెద్దనాయన ముందు తప్పు చేసినదానిలా నిలబడి, సిరా వేలు చూపించింది. "నీ పేరు చెప్పేసినాను. నన్నేమీ అనుకోవద్దు."

ఆయన బీడీ ఆర్పి, "ఏదీ, ఇంకోతూరి చెప్పు, ఇంటాను" అన్నాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మళ్లా వోట్లొచ్చినప్పుడు" అంది.

పెద్దనాయన డెబ్బై దాటే బతికాడు. పోయిన ఎన్నికలకు నేనే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. "కార్డుండాది కదవ్వా, పేర్లతో పన్లేదు" అన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు.

"ఆయన పేరు నేను చెప్పేది ఈడ ఒక్కచోటే కదప్పా" అంది. చెప్పి, వేలు చాపింది.