బండికి వినబడకూడని మాట

2023 ఎండాకాలం. హైదరాబాదు పక్కన ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్టాండుకి కూతవేటు దూరంలో నా రికార్డింగ్ గది. స్టూడియో అంటే గొప్పగా ఊహించుకోకండి. ఒక మైకు, ఒక కంప్యూటరు, శబ్దం ప్రతిధ్వనించకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి మా ఆవిడ విసుక్కుంటూ ఇచ్చిన పాత దుప్పటి. ఒక టేబుల్ ఫ్యాను కూడా ఉండేది గానీ, అది తిరిగితే ఆ రొద మైకులో పడుతుంది కాబట్టి పని జరిగినంతసేపూ ఆపేసి చెమటలు కక్కేవాళ్లం.

కూరగాయల ఆటోలు, దుప్పట్ల అమ్మకాలు, వెంచర్లవాళ్లు, తప్పిపోయిన గేదెలు... వీధిలో మైకు మీద మీకు వినబడేవన్నీ నాలాంటి వాళ్ల గదుల్లో పుట్టినవే. మాటలు రికార్డు చేసి, గోరంత మెమరీ కార్డులో వేసి ఇస్తాం. ఆటోలో అది లూప్‌లో తిరుగుతుంది, అంటే అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. మాది కృష్ణా జిల్లా. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నా గొంతు బొంగులూరు నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా ప్లాట్లు అమ్మిపెట్టింది, నాకు మాత్రం ఒక్క గజమూ మిగల్చలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ముప్పై అయిదేళ్ల మనిషి ఒకాయన మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని, కాళ్లకి రెండు రకాల చెప్పులతో లోపలికొచ్చాడు. పేరు శ్రీకాంత్, నాదర్‌గుల్‌లో కాలనీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“ఆటోలో వచ్చే గొంతు ఎవరిదండీ? మీరే రికార్డు చేశారట. నాకు ఆ గొంతే కావాలి.”

నేను గొంతు సవరించుకుని, కాస్త సిగ్గుపడుతూ, “చాలావాటికి నాదేనండీ” అన్నాను.

“మీది కాదండీ. పాత ఇనుప సామాను కొంటం అంటాడు చూడండి, ఆయనది.”

అది జంగయ్య గొంతు. నిజం చెప్పొద్దూ, ప్రాణం చివుక్కుమంది. అయినా గిరాకీ గిరాకీయే కదా, కుర్చీ వేశాను.

ఆయన చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. చిన్నప్పుడు కంప్యూటర్లో పాయింట్ అండ్ క్లిక్ అనే రకం ఆట ఒకటి ఆడేవాడు. కాల్పులూ పరుగులూ ఉండవు. తెర మీద ఒక బొమ్మ, అందులో హీరో. మౌసుతో దేన్ని నొక్కితే హీరో దాని దగ్గరికెళ్లి చూస్తాడు, తీసుకుంటాడు, ఇంకొకరికిచ్చి ఇంకోటి రాబడతాడు. అలా ముడులన్నీ విప్పితే కథ ముందుకు నడుస్తుంది. ఆ ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని మీద అభిమానం చావని శ్రీకాంతూ స్నేహితులూ బొమ్మలన్నీ మళ్లీ గీసి, తెలుగు మాటలు పెట్టి కొత్తగా కడుతున్నారు. పైసా తీసుకోకుండా పంచిపెడతారట. స్నేహితుల్లో ఒకడు పెళ్లయ్యాక జారుకున్నాడు, ఇంకొకడు ఆటలో ఒక తలుపుకి ఏ రంగు వెయ్యాలన్న గొడవలో మాటలు మానేశాడు. మిగిలింది ఈయనొక్కడే. అందరి గొంతులూ అయ్యాయి, హీరోకి మాత్రం దొరకలేదు.

“ఈ నెలాఖరుకి ఇచ్చేస్తానని ప్రపంచమంతా చెప్పేశానండీ.”

“ప్రపంచమంతా అంటే ఎంతమంది?”

“ఒక పెళ్లి బంతికి సరిపోతారు” అన్నాడు నిజాయితీగా. “వాళ్లు ఊరుకున్నా మా ఆవిడ ఊరుకోదండీ. నెల దాటితే నా సామానంతా ఆ జంగయ్య ఆటోలోనే వేస్తానంది.”

మరి జంగయ్యే ఎందుకంటే, ఆ ఆటలో హీరో ఒక దీవిలో కనబడ్డ ప్రతి తాడునీ, ప్రతి చిల్లు గిన్నెనీ సంచిలో వేసుకుంటూ తిరుగుతాడట. అది విన్నాక నాకూ ఇంకొకరు తోచలేదు.

జంగయ్య నా ఈడువాడు. కబురు పెట్టగానే వచ్చాడు, హీరో అనగానే ఒప్పేసుకున్నాడు. సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర చెప్పేశాడు, మర్నాటికి వాళ్ల బస్తీ అంతా చెప్పేశాడు. మొదటి రోజు పని వెన్నలా సాగింది. “గిదేంది? తాడు. మంచిగుంది, తీస్కుంట” అని అతననగానే శ్రీకాంత్ హెడ్‌ఫోన్లు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అచ్చం అనుకున్నట్టే వచ్చిందట.

రెండో రోజు చిక్కొచ్చింది. ఈ ఆటల్లో ఆడేవాళ్లు ఊరికే ఉండరు. తాడుని మేకకిస్తారు, చెప్పుని మొసలికిస్తారు, కనబడ్డదాన్నల్లా నొక్కుతారు. ఆ ప్రతి తప్పుకీ హీరో ఏదో ఒకటి అనాలి కదా. ‘అది నాకొద్దు’, ‘అది పనికిరాదు’, ‘దాన్ని నేను ముట్టను’. అలాంటివి కాగితాల నిండా ఉన్నాయి. జంగయ్య మొదటి కాగితం చూసి మైకు ముందునుంచి లేచాడు.

“గా మాట నేననను సూరన్న.”

“ఏ మాట?”

“వద్దు, పనికిరాదు. మా బాపు నాకు గదొక్కటే నేర్పిండు. పాత సామాను కొనేటోడు నోటెంట వద్దు అనొద్దు. అంటే లచ్చిమి ఇని ఎల్లిపోతది.”

ఇది వేళాకోళం కాదు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం కొండెక్కిందంటాం. జంగయ్యదీ ఆ పట్టింపే. పొద్దున బోణీకి ఎవరు ఏం తెచ్చినా, చినిగిన పరుపయినా సరే, తిప్పి పంపడు. తర్వాత వచ్చినదాంట్లో మరీ పనికిమాలినదుంటే “మల్లొస్త అక్క, పక్కకు వెట్టు” అని బండి కదిలిస్తాడు. ఆ అక్కకీ సంగతి తెలుసు, నొచ్చుకోదు.

“ఇది ఆటే కదండీ జంగయ్య గారూ” అన్నాడు శ్రీకాంత్.

“ఎక్కడన్న బావ గాని వంగతోట కాడ గాదు సారు. కావాలంటె, మల్లొస్త, పక్కకు వెట్టు అంట. రాస్కోన్రి.”

“అక్కడున్నది మొసలండీ. మొసలిని పక్కకి పెట్టమంటే ఎలాగండీ?”

“మొసలైతేంది? రేపు దానింట్ల గూడ పాత సామానుండదా?”

ఆ కాగితాలు లేకపోతే హీరో సగం ఆట మూగవాడే. శ్రీకాంత్ మొహం చూస్తే నాకే జాలేసింది. మధ్యలో పడి బేరం కుదిర్చాను. జంగయ్య షరతులు రెండు. బోణీ అయ్యాకే, మధ్యాహ్నం పూటే ఆ మాటలంటాడు. రెండోది, బండి దగ్గర్లో ఉండకూడదు. “నా బండికి ఇనవడొద్దు” అన్నాడు. అని ఆటోని చెరువు కట్ట దాకా తోలుకెళ్లి, పైనున్న మైకు హారన్ మూతికి తువ్వాలు కట్టి, ఆ మండుటెండలో నడిచొచ్చాడు. గుండు గీయించుకునేవాడిలా తల వంచుకుని కూర్చుని, ఒక్కొక్కటీ అప్పజెప్పేశాడు.

ఒక్క మాట మిగిలింది. అదే ఆటలో ఆఖరిది. హీరో ఏ దీపం కోసం దీవంతా తిరిగాడో ఆ దీపాన్ని ఒక ముసలమ్మ చివర్లో తనంతట తానే చేతిలో పెడుతుంది. హీరో చూసి, “ఇది నాకొద్దు. నీ దగ్గరే ఉండనీ” అంటాడు.

“దీపం కోసమే గింత తిరిగె. ఇస్తె వద్దంటడా? వానికేమన్న పిచ్చా?” అన్నాడు జంగయ్య. అనడానికైతే అన్నాడు గానీ, ఎన్ని టేకులు తీసినా, అంటే ఎన్నిసార్లు చెప్పించినా, కరెంటు బిల్లు చదివినట్టే వచ్చింది. అందులో దయ కావాలండీ అని శ్రీకాంత్ బతిమాలాడు. దయ ఎక్కడినుంచి తెస్తాడు పాపం, రేపు చూద్దామని లేచాం.

మర్నాడు పొద్దున నేను టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్నాను. గది తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు కార్డులున్నాయి. ఒకటి జంగయ్య ఆటోకి చేసిన కొత్త అనౌన్సుమెంటు. రెండోది శ్రీకాంత్‌కి ఇవ్వాల్సిన ముందురోజు మాటలు. జంగయ్య నాకోసం ఆగకుండా వచ్చి, చేతికందిన కార్డు తీసుకుని బండిలో పెట్టుకుని బయల్దేరాడు. ఈ ఆటోలవాళ్ల సంగతి మీకు తెలీదేమో. సొంత మైకు రోజంతా వింటే తల పగిలిపోతుందని చెవుల్లో దూది పెట్టుకుని పైన తువ్వాలు చుట్టుకుంటారు.

ముందు నాకే వినబడింది. పక్క వీధిలోంచి, నేను ఎంతో శ్రద్ధగా శుభ్రం చేసిన గొంతు, హారన్‌లో గట్టిగా.

“అది నాకొద్దు. అది పనికిరాదు. దాన్ని నేను ముట్టను. గింత బరువు నేను మొయ్య.”

చేతిలో ప్లేటుతోనే పరుగెత్తాను. ఆటో ముందు, నేను వెనక. జంగయ్యా, జంగయ్యా అని అరుస్తుంటే చట్నీ చొక్కా మీద పడుతోంది గానీ అతనికి వినబడదు. గేట్ల దగ్గర సంచులతో నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని లోపలికెళ్లిపోతున్నారు. జంగయ్య అటూ ఇటూ చూస్తూ, ఇవాళేమైంది వీళ్లకి అన్నట్టు చెయ్యి తిప్పుతున్నాడు.

చివరికి బాలమణి అనే ఆవిడ పేపర్ల కట్టతో బండికి అడ్డం నిలబడింది.

“ఏందే జంగన్న, నా పేపర్లు నీకు పనికిరావా?”

జంగయ్య తువ్వాలు విప్పి, దూది తీశాడు. సరిగ్గా అప్పుడే హారన్ అంది. “అది నాకొద్దు.”

ఆపేశాడు.  ఆయాసపడుతూ చేరిన నన్ను చూసి, మెల్లగా అన్నాడు.

“బండి ఇన్నది సూరన్న.”

“కార్డు మారిపోయింది జంగయ్యా, అంతే.”

“అవ్, నేనే తీస్కున్న. నేనే అన్న. నీ మీద కోపం లేదు. బండి మొఖమే చూడలేకపోతున్న.”

బాలమణి పేపర్లు ఇస్తానన్నా తీసుకోలేదు. బోణీ లేకుండా ఖాళీ బండితో ఇంటికెళ్లిపోయాడు. ఇంక ఒక్క ముక్క చెప్పనని సాయంత్రం కబురు పంపాడు. మర్నాడే నెలాఖరు. జరిగిందంతా శ్రీకాంత్‌కి ఫోనులో చెప్పాను.

మర్నాడు పొద్దున జంగయ్య తన అసలు కార్డు కోసం వచ్చాడు. ఈసారి బండి గది ముందే ఆపాడు, ఇంక దాచేదేముంది అన్నట్టు. అంతలో శ్రీకాంత్ స్కూటర్ మీద వచ్చాడు. వెనక సీటుకి తాళ్లతో కట్టిన పాత కంప్యూటరు, పసుపు రంగుకి తిరిగిపోయింది. దాని మీద పువ్వులు కుట్టిన గుడ్డ తొడుగు.

“బోణీ చేసుకోండి జంగయ్య గారూ. నా మూలంగానే కదా నిన్న పోయింది.”

జంగయ్య దాన్ని దింపి, ఒళ్లో పెట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “నడుస్తదా?”

“నడవదండీ. మా నాన్న కొనిచ్చిన మొదటిది. ఈ ఆట దీని మీదే ఆడేవాణ్ణి.”

“ఈ బట్ట ఎవరు కుట్టిన్రు?”

“మా అమ్మండీ. పర్లేదు, తీసుకోండి” అన్నాడు గానీ, చెయ్యి మాత్రం ఇంకా ఆ తొడుగు అంచు మీదే ఉంది.

జంగయ్య ఆ చేతిని చూశాడు. బండి వైపు ఒకసారి చూశాడు. కంప్యూటరు తిరిగి శ్రీకాంత్ చేతుల్లో పెట్టాడు.

“ఇది నాకొద్దు బిడ్డ. నీ దగ్గరే ఉండనీ.”

బోణీ బేరం. బండి పక్కనే. అతని నోట ఆ మాట మనసారా రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారేమో. శ్రీకాంత్ తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.  అప్పుడు నాకు గుర్తొచ్చింది, మైకు ఆన్‌లో లేదు.

ఆ సంగతి చెప్పక తప్పుతుందా, చెప్పాను.

“మల్ల అనుమంటవ్?” అన్నాడు జంగయ్య. “అంట. ఎట్లనాల్నో ఇప్పుడెరుకైంది. గాని ముందు బోణీ కావాలె.” గదంతా కలయజూశాడు. చూపు ఫ్యాను మీద ఆగింది. “గది ఇయ్యి.”

“అది పనిచేస్తుంది జంగయ్యా! ఎండలు చూశావా?”

“బోణీ తిప్పి పంపొద్దు సూరన్న.”

ఫ్యాను బండెక్కింది. జంగయ్య మైకు ముందు కూర్చుని, శ్రీకాంత్ ఒళ్లోని కంప్యూటరునే చూస్తూ ఆ మాటన్నాడు. ఒక్క టేకు. సాయంత్రానికి ఆట బయటికొచ్చింది. పెళ్లి బంతివాళ్లంతా ఆఖరి సీను దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నారట. జంగయ్య బస్తీలో సెల్‌ఫోన్లో ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ వేసుకున్నారు.

ఇప్పుడు ఒక్కో ఆటో కార్డుకి ఒక్కో రంగు దారం కడుతున్నాను. అది చిన్న పాఠం. పెద్దది వేరే. ఇన్నేళ్లూ గొంతంటే గట్టిగా, స్పష్టంగా పలకడమే అనుకున్నాను. ‘వద్దు’ అనే మాటకి విలువ దాన్ని ఊరికే వాడని మనిషి నోట్లోనే ఉంటుందని జంగయ్య దగ్గర నేర్చుకున్నాను. నేనైతే గిరాకీలకి రోజుకి పదిసార్లు అంటాను, ఏ ఒక్కరూ లెక్కచెయ్యరు.

ఆ వారంలోనే, ఎండకి తాళలేక, నా ఫ్యాను నాకిచ్చెయ్యమని జంగయ్యనడిగాను. అది వాళ్లింట్లో తిరుగుతోందని నాకు తెలుసు. ఇవ్వనని అతను అనలేదు.

“ఇస్త సూరన్న” అన్నాడు, దూది చెవిలో పెట్టుకుంటూ. “పక్కకు వెట్టిన. మల్లొస్త.”