తొట్టి దగ్గర రెండో చేయి

నారాయణవనం నేతవీధిలో గంగులమ్మ ఎవరితోనూ పోట్లాడి ఎరుగదు. ఆమెకు కోపం రాదని కాదు. వచ్చిన కోపాన్ని నలుగురిమీదా చల్లి పలచన చేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. పుష్కరకాలంగా ఆమె తన కోపమంతా ఒక్క మనిషి కోసం దాచిపెట్టింది. ఆ మనిషి ధనంజయ షావుకారు.

గంగులమ్మ భర్త మునిరామయ్య ఆ వీధిలోని మగ్గాలన్నింటికీ నూలుకు రంగులు వేసేవాడు. నూలు చిలపలను, అంటే పోగుల చుట్టలను, ముందుగా కరక్కాయ నీళ్ళలో ఊరబెట్టి, ఆరబెట్టి, ఆ తరువాత రంగు తొట్టిలో ముంచడం ఆయన పద్ధతి. ముంచడానికి ఒక మనిషి చాలు. పిండడానికి మాత్రం ఇద్దరు కావాలి. చిలపకు ఆ కొసన ఒక కర్ర, ఈ కొసన ఒక కర్ర దూర్చి, ఎదురెదురుగా నిలబడి చెరొకవైపుకు మెలితిప్పాలి. పెళ్ళయిన నాటినుంచి ఆ రెండో చేయి గంగులమ్మదే. మొగుడూ పెళ్ళామూ అలిగిన నాడు చిలపలో చుక్క నీరు మిగలదని వీధివాళ్ళు వేళాకోళం చేసేవారు.

చౌడమ్మ జాతరకు అమ్మవారికి కట్టే ఎర్రచీర నూలుకు రంగు వేసే పుణ్యం కూడా మునిరామయ్యదే. డెబ్బై రెండులో ధనంజయ షావుకారు మద్రాసునుంచి కొత్త రంగుపొడి తెప్పించి, “ఇది రాయిమింద గీత మాదిరి నిలస్తాది మునిరామన్నా, అమ్మోరి చీరకూ ఇదే వెయ్యి” అని ఇచ్చాడు. మునిరామయ్య నమ్మాడు. జాతరనాడు చీర కట్టిన విగ్రహానికి అభిషేకం మొదలుపెట్టగానే ఎరుపు ధారలు కట్టింది. పాలు ఎర్రబడ్డాయి, మెట్లు ఎర్రబడ్డాయి. అమ్మవారి ఒంటినుంచి నెత్తురు కారుతున్నదని ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

కులపెద్ద గురప్ప అందరి ఎదుటా నిలదీశాడు. “ఏం మునిరామయ్యా, ఏంది ఈ అపచారం?”

“పొడి సావుకారి ఇచ్చిందే అప్పా. నేను ఎప్పట్లాగే వేసినా.”

గురప్ప షావుకారు వైపు తిరిగాడు. ధనంజయ ఒక్క క్షణమైనా తడుముకోలేదు. “నేనిచ్చింది మేలైన పొడే. తాగి కలిపింటాడు.”

మునిరామయ్య ఆ పొద్దు తాగలేదు. ఏ పొద్దూ తాగలేదు. కల్లు వాసన గిట్టక, పాక ఉన్న దారి విడిచి చుట్టుతిరిగి ఏటికి పోయే మనిషి ఆయన. అయినా షావుకారు మాట బరువైనది. మునిరామయ్యచేత అపరాధం చెప్పించారు, తొట్టి మూయించారు. ఆనాటినుంచి ఆయన తాగుబోతు మునిరామయ్య అయ్యాడు. ఆ పేరుతోనే మంచమెక్కి, ఆ పేరుతోనే పోయాడు. పాడె కడుతున్నప్పుడు ఎవరో, “తాగేవోడు ఎన్నాళ్ళు బతకతాడులే” అన్నారు. ఆ మాట గంగులమ్మ చెవిన పడింది. ఆమె ఏడుపు అక్కడే ఆగిపోయింది. చనిపోయిన మనిషి తిరిగి రాడు; ఆయన మీద పడిన మాటనైనా, అది పుట్టిన నోటిచేతనే, పుట్టిన చోటనే వెనక్కు తీయించాలి. ఆమెకు ఇక బతుకులో కావలసింది అదొక్కటే.

తరువాత ఆమె షావుకారు మగ్గాలకే కండెలు చుట్టి పొట్టపోసుకున్నది. ఏటేటా జాతరకు పోయి ఆడవాళ్ళ వరుసలో నిలబడేది. అందరూ అమ్మవారిని చూస్తుంటే, ఆమె ధర్మకర్త స్థానంలో తెల్లపంచెతో నిలుచున్న ధనంజయను చూసేది.

ఎనభై నాలుగులో, జాతర దగ్గరపడుతున్న రోజులలో, మద్రాసు ఎగుమతి కంపెనీ ఒకటి జయరామ్ అనే ఉద్యోగిని నారాయణవనానికి పంపింది. షావుకారు గిడ్డంగి చూపిస్తుంటే, జయరామ్ కన్ను ఒక మూలన పడి ఉన్న పాత గళ్ళబట్ట మీద పడింది. అది ఆ అపచారపు ఏడు అదే పొడితో రంగు వేసిన నూలుతో నేసినది. రంగు దిగుతుందని బేరగాళ్ళు తిరగ్గొట్టినది. జయరామ్ దాన్ని నీళ్ళలో ముంచి తీశాడు. ఎరుపు పక్కనున్న నీలంలోకి, పసుపులోకి పాకింది. అతని ముఖం వెలిగిపోయింది.

“ఇదే సార్! అమెరికాలో దీనికోసమే పడి చస్తాండారు.”

అప్పుడు గంగులమ్మ, ఎదురింటి కుప్పమ్మ కండెల గంపలతో అక్కడే ఉన్నారు. జయరామ్ సంచిలోనుంచి రంగుల పత్రిక తీసి చూపించాడు. పసుపు జుట్టు పిల్లవాడొకడు గళ్ళ నిక్కరు తొడుక్కొని, పొడుగాటి పలకమీద నిలబడి కొండంత అలమీద జారుతున్నాడు.

“ఈ పిల్లోడు పలకెక్కి యాడికి పోతాండాడు సార్?” అని కుప్పమ్మ అడిగింది.

“యాడికీ పోడమ్మా. అల ఎక్కి మళ్ళీ ఒడ్డుకే వస్తాడు. సర్ఫింగ్ అంటారు.”

“ఒడ్డుకు వచ్చేదానికి సముద్రంలోకి పోవడం దేనికి? ఒడ్డునే కూసుంటే పోదా?”

జయరామ్ నవ్వాడు. “నిజంగా అల ఎక్కేవాడు ఊరికి ఒకడుంటాడు. ఎక్కినట్టు కనబడాలనుకునేవాళ్ళు వెయ్యిమంది. మా కంపెనీ బతికేది ఆ వెయ్యిమంది మీద. కొత్త నిక్కరయితే వీడు సముద్రం మొగమే చూడలేదని తెలిసిపోతుంది. రంగు కారి కారి వెలిసిందనుకో, వీడు అలల్లోనే పుట్టినాడని అమ్మాయిలు అనుకుంటారు. అందుకే కారే రంగు కావాలి. కారకపోతే సరుకు వాపసు.”

ధనంజయకు ఉత్సాహం పొంగింది. “మీకెందుకు సార్ భయం? అది మనిషి చేతిలో ఉండేది కాదు, పొడి గుణం. ఎవురు కలిపినా కారతాది. తెచ్చిందే నేను, నాకు తెలీదా?”

గంగులమ్మ గంప కింద దించింది. ఏ కారే రంగు తన భర్త పేరును కడిగేసిందో, అదే కారే రంగు సముద్రాల అవతల ఈతరాని పిల్లలకు పేరు తెచ్చిపెడుతున్నది. దాన్ని అమ్ముకుంటున్నది కూడా ఆ నోరే.

జయరామ్ కారెక్కిన తరువాత ఆమె నెమ్మదిగా అడిగింది. “సావుకారీ, ఇందాకటి మాట గుడికాడ ఒకసారి చెప్పు.”

“ఏం మాట?”

“ఎవురు కలిపినా కారతాదని.”

ధనంజయ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అది యాపారం మాట వదినా. గుడి మాట కాదు.”

అన్నేళ్ళలో అతడు ఆమెను వదినా అని పిలవడం అదే మొదలు.

అతడు మద్రాసునుంచి ఆ పొడే మళ్ళీ తెప్పించి, రంగు వేయించడానికి నూలును నగరికి పంపాడు, పుత్తూరుకు పంపాడు. రంగు కారింది గాని, ఛాయ మాదిరిగుడ్డతో కలవలేదు. కరక్కాయ పాళ్ళు మునిరామయ్యవి. అవి తెలిసినది గంగులమ్మకు ఒక్కతెకే. గడువు తరుముకొస్తుంటే షావుకారు ఆమె గడపకు వచ్చాడు. వీధిలో రంగు నూలు అందక, పడుగులు లేక మగ్గాలు ఊరికే ఉన్నాయి. తోటివాళ్ళ పొయ్యిలు ఆర్పడం గంగులమ్మకు ఇష్టం లేదు.

“వేస్తాను. పిండేదానికి ఇంకో మనిషిని చూడు.”

మనిషి దొరకలేదు. వీధిలో ఎవరిని పిలిచినా చేతులు వెనక్కు పెట్టుకున్నారు. “అమ్మోరి ఒంట్లో నెత్తురు కార్పిచ్చిన పొడి అది. ముట్టుకుంటే చేతులు పడిపోతాయక్కా!” అని కుప్పమ్మ బెదిరిపోయింది. పొడికి అంత మహిమ లేదని గంగులమ్మ ఎవరికీ చెప్పలేదు. షావుకారు మళ్ళీ వచ్చి అరుగుమీద కూలబడితే, చెంబుతో మంచినీళ్ళిచ్చి అన్నది: “ఊరోళ్ళకంటే తెలీదు. దాని గుణం నీకు తెలుసు గదా. నువ్వే రా.”

“నేనా? తొట్టికాడికా?”

“భయమైతే వద్దులే. కంపెనీ ఆయనకు లేదని చెప్పేయ్.”

ఆమె ఏర్పరచిన రోజు జాతరకు ముందురోజు. షావుకారు అది గమనించలేదు. అతని కంటికి గడువు తప్ప ఏమీ కనబడటం లేదు. పంచె ఎగగట్టి, కర్ర పట్టుకొని ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. వీధి వీధంతా గడపలలోకి వచ్చింది. చేతులకు ఆముదం పూసుకుంటే రంగు పట్టదని గంగులమ్మకు తెలుసు, తాను పూసుకున్నది. అతనికి చెప్పలేదు.

“గట్టిగా తిప్పు సావుకారీ. సన్నపిల్లోని మాదిరి పట్టుకుంటే ఎట్లా?”

“నడుము పోతాండాది వదినా...”

“మా ఇంటాయనకూ పోయేది. ఆయన చెప్పుకోలేదు, అంతే.”

పొద్దు వాలేసరికి అతని చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. బూడిదతో తోమాడు, చింతపండుతో తోమాడు, కిరసనాయిలుతో కడిగాడు. చర్మం మండింది, కడిగిన కొద్దీ ఎరుపు కారుతూనే ఉంది గాని వదలలేదు.

మరునాడు గుడిలో తొలితీర్థం ధర్మకర్తకే. అది తీసుకోకపోతే పదవి వదులుకున్నట్టే. ధనంజయ చేతులను ఉత్తరీయంలో చుట్టుకొని నిలబడ్డాడు. పూజారి ఉద్ధరిణి ఎత్తాడు. ఉత్తరీయం తీయక తప్పలేదు. దోసిట్లో పడిన తీర్థం గీతల వెంట ఎర్రబడి, వేళ్ళ సందున బొట్లు బొట్లుగా మెట్టుమీద రాలింది.

మేళం ఆగిపోయింది. ముసలి గురప్ప కర్ర ఊతగా ముందుకు వచ్చి, ఆ చేతులను వంగి చూశాడు.

“ఇదేంది సావుకారీ? నువ్వూ తాగి కలిపినావా?”

మగవాళ్ళలో ఒకరు కిసుక్కుమన్నారు. ధనంజయ చుట్టూ చూశాడు. వరుసలో ముందుగా గంగులమ్మ ఉన్నది. ఆమె ముఖంలో జాలి లేదు. అది లేదని దాచుకోవడానికి ఆమె ప్రయత్నించనూ లేదు.

“తాగలేదప్పా. అమ్మోరి ముందర చెప్తాండా. పొడి గుణమే అంత. ఎవురు కలిపినా కారతాది.”

“అయితే ఆ పొద్దు మా ఇంటాయన?” గంగులమ్మ గొంతు పెద్దగా లేదు, అందరికీ వినబడింది.

అతడు తల వంచాడు. “తాగలేదు.”

“ఎవురు తాగలేదు? పేరు పెట్టి చెప్పు.”

“మునిరామన్న తాగలేదు. పొడి నాది. ఆయన తప్పు ఏమీ లేదు.”

గురప్ప పూజారి చేతిలోని తాంబూలం తీసుకొని, తానే నడిచి వచ్చి గంగులమ్మ కొంగులో పెట్టాడు. ఆమె దాన్ని కళ్ళకు అద్దుకున్నది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె ఆనాడు అమ్మవారి ముఖం చూసింది.

ఆ తెల్లవారి తొట్టి దగ్గరికి కుప్పమ్మ తన మొగుణ్ణి, మరిదిని వెంటబెట్టుకొని వచ్చింది. పొడిలో పాపం లేదని తేలిపోయింది గనుక పిండడానికి మనుషులకు కొదవ లేదు. “పాపం, సావుకారి అరిచేతులు బొబ్బలెక్కినాయంట. మేము పిండతాములే అక్కా, ఆయన్ని ఇంటికి పంపించెయ్” అన్నది కుప్పమ్మ.

“మీరు పోయి మగ్గాలు సరిచేసుకోండి. నూలు రేపటికి అందుతాది” అన్నది గంగులమ్మ, తొట్టిలో కరక్కాయ నూలు ముంచుతూ. “పిండేదానికి సావుకారి వస్తాడు. కట్ట కడపటి చిలపదాకా ఆయనే.”

ధనంజయ వచ్చాడు. కారే నిక్కర్ల కోసం అమెరికా పిల్లలు కాచుకొని ఉన్నారు మరి. బొబ్బలమీద గుడ్డపీలికలు చుట్టుకొని కర్ర అందుకున్నాడు. గంగులమ్మ తన కొస బిగించి పట్టి, చిలపనుంచి కారుతున్న ఎరుపును పరీక్షగా చూసింది.

“ఇంకా తిప్పు సావుకారీ. నీళ్ళుండాయి.”