ఆరుగురు డాక్టర్లు, మా అక్కయ్య

మా పక్కింటి అక్కయ్య పోయిన మంగళవారం చనిపోయింది. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది మా కాలేజీ సార్. "మన నర్సమ్మ పోయిందయ్యా, పాపం" అన్నాడు. అమెరికాలో మా ఊరు అరోరాలో ఇన్నేళ్ళుగా ఎదురుపడుతున్నా ఆయనకి ఆవిడ పేరు తెలియదు. ఆదివారం సంతాప సభ పెడుతున్నామనీ, విమానం సంగతి తనే చెబుతాననీ కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కయ్య నాకు చుట్టం కాదు. ఆవిడ నర్సు, వాళ్ళాయన ఫ్యాక్టరీలో మెకానిక్కు. మేమేమో డాక్టర్లం! ఈ ముక్క మా పార్టీల్లో ఎవరూ మరిచిపోయేవారు కాదు. మగవాళ్ళం సోఫాల్లో కూర్చుని కొత్త కార్ల గురించీ, కేసులు వేసే పేషెంట్ల గురించీ కోతలు కోస్తుంటే, మా ఆడవాళ్ళు "సిస్టర్, కాస్త పూరీలు వత్తిపెట్టరూ" అంటూ ఆవిడని వంటింట్లోకి తోసేవారు. ఆవిడ నవ్వుతూ వత్తేది. పని అయ్యాక పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి గోళ్ళు తీసేది. ఇక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ ట్రైనింగులో చేరిన కొత్తలో నేను హడలిపోతుంటే, "ముందు వెళ్ళి పేషెంటు చెయ్యి పట్టుకో తమ్ముడూ, భయం సంగతి తర్వాత చూద్దువుగాని" అంది. మా కాలేజీలో ఏ మహానుభావుడూ నాకా మాట చెప్పలేదు.

విమానం సంగతి ఎనభైల మొదట్లోది. కాన్ఫరెన్సుకని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాం, ఒకే కాలేజీలో చదివిన ఐదుగురం, మాకు అక్కడ పాఠం చెప్పి ఇక్కడ గుండె డాక్టరైన సారూ. అక్కయ్య ఆ పక్క ఊరు సన్నీవేల్‌లో చెల్లెలి పురుటికని అదే విమానం ఎక్కింది. కుదుపుల వల్ల భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. వెనక వరసలో ఒక అమెరికన్ పెద్దాయన ముద్దముద్దగా ఏదో అరుస్తూ లేచి, సీట్ల మధ్య దారిలో పడిపోయాడు. తాగి ఉన్నాడన్నారు పక్కవాళ్ళు. డాక్టరెవరైనా ఉన్నారా అని ఎయిర్ హోస్టెస్ మైకులో అడిగింది.

ఉన్నాం. అర డజను మందిమి ఉన్నాం. మేం ఐదుగురం మాత్రం ముందు వరసలో కనిపిస్తున్న సార్ బట్టతల వైపు చూశాం. సార్ లేవకుండా మనం లేస్తే ఏం బాగుంటుంది? సార్ మ్యాగజైన్‌లో పేజీ తిప్పాడు. "కేసు పడితే లైసెన్సు పోతుందయ్యా" అన్నాడు, తల తిప్పకుండానే. హమ్మయ్య, ఇక మా తప్పేం లేదు! ఒకడు కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. ఛీ, ఏం చదువులు!

మైకు రెండోసారి అడిగింది. అక్కయ్య బెల్టు తీసి లేచింది. "మీరు డాక్టరా?" అని హోస్టెస్ అడిగితే, "కాదు, నర్సుని" అంది.

వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నోటి దగ్గర వాసన చూసింది. చెమటకి చొక్కా తడిసి ముద్దయింది. మణికట్టు గొలుసు మీద షుగర్ జబ్బని చెక్కి ఉంది. "తాగలేదు. ఇన్సులిన్ వేసుకుని తిండి లేక పడిపోయాడు. పంచదార తెండి, త్వరగా!" అని కేకేసింది. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, కాఫీతో ఇచ్చే పంచదార పొట్లాలు చింపి, తడి వేలితో చిగుళ్ళకి రుద్దుతూ కూర్చుంది. పావుగంట పాటు ఆయన ఉంటాడో పోతాడో తెలియలేదు. ఆయన భార్య అక్కయ్య భుజం పట్టుకుని ఏడుస్తూనే ఉంది. చివరికి ఆయన కళ్ళు తెరిచి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.

అప్పుడు లేచాడండీ మా సార్! ఠీవిగా నడిచొచ్చి, నాడి చూసి, హోస్టెస్‌కి తన పేరు స్పెల్లింగుతో సహా రాయించాడు. విమాన కంపెనీ వాళ్ళ థాంక్స్ ఉత్తరం ఆయనకే వచ్చింది.

"ఎందుకూరుకున్నావక్కయ్యా?" అని అడిగాను తర్వాత.

"ఆ పెద్దాయన లేచి కూర్చున్నాడుగా తమ్ముడూ" అంది.

ఆదివారం సభలో సార్ మైకందుకున్నాడు. "మేం డాక్టర్లమంతా ఒక్క ఉదుటున లేచాం. నర్సమ్మ కూడా ఎంతో సాయం చేసింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు, సంతాప సభలో! "ఏవయ్యా, నువ్వూ ఉన్నావుగా, చెప్పు" అని నా వైపు తిరిగాడు.

"మనం ఎవరమూ లేవలేదు సార్" అన్నాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది, దాచుకోవడమెందుకు.

ముందు వరసలోంచి అక్కయ్య కూతురు లేచింది. పదహారేళ్ళది, ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు మాటలు వెతుక్కుంటూ అడిగింది.

"అమ్మ నాకు ఎప్పుడూ ఇది చెప్పలేదు. మీరు ఎక్కడ ఉన్నారు అంకుల్, అప్పుడు?"

"పక్క సీట్లోనే అమ్మా" అన్నాను. "మీ అమ్మ వెళ్ళడానికి కాళ్ళు పక్కకి జరుపుకున్నాను."