చంక బిగువు

ఆ దర్జీని వీధిలో అందరూ "లూజు బాబాయి" అనేవారు. ఎవరు ఏ కొలత ఇచ్చినా, మనిషికి ఊపిరాడొద్దూ అంటూ ఓ వేలెడు వదులుగా కుట్టడం ఆయన అలవాటు. అలాంటివాడు ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క చొక్కా దగ్గర కూర్చోలేక, లేవలేక నానా అవస్థా పడుతున్నాడు. దారం సూది బెజ్జంలోకి ఎక్కదు. ఎక్కితే తెగుతుంది.

ఆ చొక్కా ఆయన అన్న కొడుకుది. ఆ అన్నను పొడిచి చంపినవాడు జైలు నుంచి ఇంటికొచ్చాడని తెలిసిన మర్నాడే వాడు గుడ్డ తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఎడమ చంక కింద లోపల జేబు పెట్టు బాబాయ్. పొడుగ్గా. బయటికి కనపడకూడదు."

"అందులో ఏం పెడతావురా?"

"నీకు తెలీదా?"

తెలుసు. పొడిచినవాడి ఇంటికీ తమ ఇంటికీ తాతల నాటి కక్ష. మొదలెక్కడని అడిగితే ఒకరు గోడ అంటారు, ఒకరు పెళ్ళి సంబంధం అంటారు. అసలు సంగతి ఎవరికీ తెలియదు గానీ, చావడానికి మాత్రం అందరూ సిద్ధం. ఇదేం వెర్రో!

మధ్యాహ్నం ప్యాంటు కోసం రిటైరైన తెలుగు మాస్టారు వస్తే పట్టుకుని అడిగాడు. "కక్ష అంటే అసలు అర్థమేంటి మాస్టారూ?"

మాస్టారికి మాట దొరికితే ప్యాంటు గుర్తుండదు. "సంస్కృతంలో చంకయ్యా!"

"ఎగతాళి చేస్తున్నారా?"

"ఎగతాళేంటి, నిఘంటువు చూడు. చంక అంటే ఒంటికో పక్క. పక్క నుంచి పక్షం, అవతలి పక్షం మీద పంతం, పంతం ముదిరి పగ. ఈ వరస నా ఊహే అనుకో. కోర్టులో కక్షిదారు అనట్లా? అక్కడా వైపుల గొడవే."

ఆయన వెళ్ళాక దర్జీ చొక్కా చంక వంక చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ సుద్దతో గీసి, కత్తిరించి, కుట్టింది దీన్నేనా! నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. లేచి వీధి చివరిదాకా పోయి ఊరికే తిరిగొచ్చాడు. ఆ తర్వాత జన్మలో చెయ్యని పని చేశాడు. రెండు చంకలూ బిగించి కుట్టేశాడు. జేబు పెట్టలేదు.

సాయంత్రం వాడొచ్చి తొడుక్కున్నాడు.

"ఇదేంటి బాబాయ్, చెయ్యి లేవట్లేదు!"

"లేవకూడదనే."

"జేబేది?"

"కుట్టను. మీ నాన్న పాడె మోశాను. నిన్ను కూడా మోయడం నా వల్ల కాదురా."

వాడు కోపంతో చెయ్యి విసిరాడు. చంక దగ్గర కుట్టు పర్రుమంటూ విడిపోయింది. "చూశావా, ఇంతే నీ కుట్టు!" అన్నాడు. 

దర్జీ సూది అందుకున్నాడు. "చింపుకో. మళ్ళీ కుడతా. చెయ్యెత్తు."

చిన్నప్పటి నుంచీ ఆ బల్ల ముందు కొలతలిచ్చినవాడు, మాట వినగానే ఎత్తేశాడు. చిరుగులోకి వేళ్ళు పెట్టిన దర్జీ ఆగిపోయాడు. బయట చల్లగాలి వీస్తోంది. వాడి చంక మాత్రం చెమటతో తడిసి ముద్దయింది.

"భయమేస్తోందిరా?"

వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎత్తిన చెయ్యి దించలేదు.

"చచ్చేంత భయం బాబాయ్. ఒక్కరైనా వద్దంటారేమోనని చుట్టాలందరి ఇళ్ళకీ తిరిగాను. గుడ్డ ఇచ్చిన రోజు నువ్వు కూడా అనలేదు."