బాణం గుర్తు లేని కిరణం

మా సైన్స్ సారు పోయిన వారం చనిపోయారు. పదో తరగతి పిల్లలకు కాంతి పాఠం మీద పరీక్ష పెట్టి, సింహాద్రిపురం దగ్గర మా బడి వరండాలో పేపర్లు దిద్దుకుంటున్నప్పుడు ప్రొద్దుటూరు నుంచి నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసింది.

“సారు ఇంగ లేడు మే. పొద్దున కాఫీ తాగి, పేపర్ చదువుతా చదువుతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట.”

అప్పుడు నా చేతిలో ఉన్న పేపర్లో ఒక పుటాకార దర్పణం బొమ్మ ఉంది. అద్దం వంపు బాగుంది. నాభి ఉండాల్సిన చోటే ఉంది. కిరణాలు స్కేలు పెట్టి శ్రద్ధగా గీసింది ఆ పిల్ల. ఒక్కదానికీ బాణం గుర్తు లేదు. ఫోన్లో మాట విన్నప్పుడు రాని ఏడుపు ఆ బొమ్మ చూస్తే వచ్చింది.

ఈ ఏడుపు ఎందుకో మీకు అర్థం కావాలంటే జమ్మలమడుగులో మేం చదువుకున్న హైస్కూలు దాకా వెనక్కి పోవాలి. సారుది ప్రొద్దుటూరు. రోజూ బస్సులో వచ్చి పోయేవారు. బస్సులో నిద్రపోవడం, ప్యాంటు జేబులో చాక్‌పీసులు పెట్టుకుని మరిచిపోవడం ఆయన అలవాట్లు. తరగతిలోకి రాగానే జేబులోంచి ముక్కలన్నీ తీసి బల్ల మీద పోసి, వాటిలో రాయడానికి పనికొచ్చేది వెతుక్కునేవారు. బొమ్మలు వేయడం మాత్రం బొత్తిగా రాదు. మనిషి కన్ను గీస్తే వంకాయలా ఉండేది. గీసి మా వైపు తిరిగి, “ఇది కన్ను. నమ్మండి” అనేవారు. “నేనే దిద్దితే దీనికి అర మార్కిస్తా. అదీ పేర్లు రాసినందుకు” అని తనే నవ్వేవారు.

శనివారం చివరి పీరియడ్‌కు మేం పెట్టుకున్న పేరు ‘తప్పుల పీరియడ్’. ఆ గంట కొత్త పాఠం ఉండదు. ఆ వారం మా జవాబుల్లో దొరికిన తప్పులను సారు బోర్డు మీద ఎక్కించేవారు. ఎవరి తప్పో చెప్పేవారు కాదు. మాలో ఎవరైనా గుసగుసలు మొదలుపెడితే కోపం వచ్చేది. “ఎవరిదని అడగొద్దు. ఎందుకొచ్చిందో అడుగు” అని గద్దించేవారు.

కార్బన్ డై ఆక్సైడ్‌ను పంపితే సున్నపు తేట ఏమవుతుంది అన్నదానికి మాలో ఒకరు ‘పాలు అవుతుంది’ అని రాశారు. పాలలా తెల్లబడుతుంది అని రాయాల్సింది. సారు దాన్ని బోర్డు మీద రాసి, చాలాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డారు. “ఇది నిజమైతే మన ఊళ్ళో ఎనుములు మేపే పనేముందప్పా? గడ్డి ఖర్చు లేదు, పేడెత్తేది లేదు” అన్నారు. తరగతంతా పగలబడి నవ్వింది. ఆ తప్పు చేసిన మనిషి అందరికంటే గట్టిగా నవ్వింది. అది నేనే.

ఇంకోసారి ఆమ్లం సీసా తెచ్చి తరగతి గదిలో నేలకు పరిచిన కడప బండ మీద చుక్క వేశారు. బుసబుసమని నురగ లేచింది. ఏం జరిగిందో రాయమంటే సగం తరగతి ‘బండ ఉడికింది’ అని రాసింది. బండల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం, మాకు తోచిన మాట అది. సారు ఆ మాటను కొట్టేయలేదు. పెన్సిల్‌తో దాని చుట్టూ సున్న చుట్టి, “మీ కన్ను సరిగ్గానే చూసింది. మాట తప్పింది. వాయువు బయటికొచ్చింది అని రాయండి” అన్నారు.

ఆయన ఎప్పుడూ పెన్సిల్‌తోనే దిద్దేవారు. తప్పు ఉన్న చోట సున్న చుట్టి ఇస్తారు. మనం దాన్ని సరిచేసి, సున్నను రబ్బరుతో చెరిపి చూపించాలి. చెరపడం కూడా మా పనే. ఎర్ర సిరాతో దిద్దితే పిల్లలకు మార్కు తప్ప ఇంకేమీ కనపడదని ఆయన నమ్మకం.

లెక్క అంతా చేసి జవాబు పక్కన ప్రమాణం రాయనివాళ్ళంటే ఆయనకు మహా చిరాకు. “ఐదంట. ఐదేంది? ఐదు మీటర్లా, ఐదు వోల్టులా, ఐదు బండలా? అంగడికి పోయి రెండియ్యి అంటే ఏమిస్తాడు మే నీకు?” అనేవారు. ఏవైనా రెండు ఉపయోగాలు రాయమంటే పుస్తకంలో ఉన్నవన్నీ రాసి టైము పోగొట్టుకునేవాళ్ళనూ, ‘ఎందుకు’ అని అడిగితే ‘ఏమిటి’కి జవాబు రాసేవాళ్ళనూ చూసి తల పట్టుకునేవారు. “అడిగింది చెప్పు. నీకు తెల్సిందంతా చెప్పబాకు” అన్న మాట ఆయన నోట వినని రోజు ఉండేది కాదు. నా పెళ్ళయ్యాక మా ఇంట్లో కూడా ఆ మాట చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇక అసలు సంగతి. పబ్లిక్ పరీక్షలకు ముందు పెట్టే ప్రీ-ఫైనల్‌లో నేను సైన్స్ తప్పాను. మా నాయన జమ్మలమడుగు దగ్గర బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చదవడం, రాయడం రాదు. మా అక్క అప్పటికే పదో తరగతి తప్పి, ప్రొద్దుటూరులో చీరల అంగట్లో పనికి కుదిరింది. నా మార్కుల సంగతి తెలిసిన మర్నాడే నాయన పని మానుకుని బడికొచ్చాడు. సారు వరండాలో ఉంటే నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాడు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను.

“పెద్దది తప్పింది సారూ. ఇదీ తప్పుతాదంట. పరీక్ష దాకా ఎందుకు, ఇప్పుడే మానిపిస్తా. అక్క కాడ అంగట్లో నిలబడతాది” అన్నాడు నాయన.

ఆడపిల్ల చదువు గురించి సారు ఉపన్యాసమేదో ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. లోపలికి పోయి నా పేపర్ తెచ్చారు. నాయనను బెంచీ మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, కాంతి ప్రశ్న ఉన్న పేజీ తెరిచారు.

“ఇది అద్దమప్పా. ఇది కొవ్వొత్తి. నీ కూతురు గీసింది. వెలుతురు యాడినుంచి వచ్చి యాడికి పోతాందో చెప్పు చూద్దాం.”

నాయన పేపర్ దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, చాలాసేపు చూశాడు.

“తెలీలేదు సారూ. వట్టి గీతలే ఉండాయి.”

“తప్పు అదే” అన్నారు సారు. నన్ను పిలిచి చేతికి పెన్సిల్ ఇచ్చారు. “బాణాలు పెట్టు మే.”

నేను ప్రతి గీతకూ చివర బాణం పెట్టాను. సారు తల అడ్డంగా ఊపి, వాటిని చెరిపేశారు. “కొసకు పెడితే వెలుగు ఆడికే నిలబడిపోతాది. నడుమ పెట్టు. ఇంగా పోతానే ఉందని తెలియాల” అన్నారు. నడుమ పెట్టాను.

నాయన మళ్ళీ చూశాడు. ఈసారి వేలితో గీత వెంబడే పోయాడు. “ఇప్పుడు తెలుస్తాంది. ఇట్లొచ్చి, అద్దానికి తగిలి, ఇట్ల మళ్ళుకుంటాంది.” వేలు తీయకుండానే, “ఇంత చిన్న గీతకు మార్కు పోతాదా సారూ?” అన్నాడు.

“పోతాది.”

“అయితే ఇది పెడితే పాసవుతాదా?”

సారు అబద్ధం చెప్పలేదు. “దీంతోనే కాదప్పా. ఇట్లాంటివి ఇంగా శానా ఉండాయి. అవన్నీ నేను చూసుకుంటా. ఇదొక్కటి మాత్రం ఇంటికాడ నువ్వు చూసుకో.”

నాయన నన్ను తీసుకుపోకుండా ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త తనిఖీ మొదలైంది. నాయన కనుబొమల మీద రాతి దుమ్ముతో ఇంటికొచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నా నోటు పుస్తకం తెమ్మనేవాడు. అప్పుడప్పుడూ దాన్ని తలకిందులుగా పట్టుకునేవాడు. బొమ్మ కనిపించిన ప్రతిచోటా వేలు పెట్టి, “ఇది యాడికి పోతాంది?” అని అడిగేవాడు. గుండె బొమ్మలో రక్తం ఎటు పోతుందో చెప్పాలి. కరెంటు వలయంలో విద్యుత్తు ఎటు పోతుందో చెప్పాలి. ఒకరోజు లెక్కల పుస్తకంలో త్రిభుజం చూసి, “దీనికి పెట్టలేదే?” అని నిలదీశాడు. త్రిభుజం యాడికీ పోదు నాయనా అని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. అయినా మర్నాడు బడికెళ్ళి సారును అడిగి కనుక్కోమన్నాడు.

మిగతావన్నీ సారు చూసుకున్నారు. బడి వదిలాక ఆయన బస్సు వచ్చేదాకా బస్టాండు బెంచీయే నాకు తరగతి గది. సమీకరణం తుల్యం చేయడం అక్కడే నేర్చుకున్నాను. పరీక్ష రోజు సెంటరు గేటు దగ్గర అందరి తల్లిదండ్రులూ పిల్లలకు ధైర్యం చెబుతున్నారు. నాయన మాత్రం “బాణాలు మరిచిపోవద్దు” అన్నాడు. నేను పాసయ్యాను. మా ఇంట్లో పదో తరగతి గట్టెక్కిన మొదటిదాన్ని నేనే. ఆ సంగతి చెప్పడానికి వెళితే సారు, “మంచిది. ఇంగ మార్కు యాడ పోయిందో చూసుకో” అన్నారు. ఆయన మెచ్చుకోలు అంతకంటే ఎక్కువ ఉండదు. నాకు అంతే చాలనిపించింది.

తర్వాత నేనూ సైన్స్ టీచర్నయ్యాను. మొదటిసారి పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దడానికి వెళ్ళినప్పుడు, ఏ ఊరి పిల్లలో తెలియని ఆ కట్టల్లో మా తప్పుల పీరియడ్ మొత్తం కనిపించింది. ప్రమాణం లేని జవాబులు, పాలైపోయిన సున్నపు తేట, పేర్లు తారుమారైన పుటాకార, కుంభాకార కటకాలు, ఎటు పోవాలో తెలియని కిరణాలు. సాయంత్రం సారుకు ఫోన్ చేసి చెప్పాను. “తప్పులన్నీ అవే గదమ్మా. పిల్లోళ్ళే కొత్తోళ్ళు. నీకు విసుగొచ్చినపుడు అది గుర్తు పెట్టుకో” అన్నారు.

అప్పుడే ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్నది అడిగాను. ఆ రోజు అన్ని తప్పుల్లోనూ బాణం గుర్తునే మా నాయనకు ఎందుకు చూపించారు సార్ అని.

“మీ నాయనకు అక్షరాలు రావు. సమీకరణం చేతికిస్తే ఏం జేస్తాడు? బాణం అయితే ఎవరైనా చూడొచ్చు” అన్నారు. తర్వాత మామూలుగానే, బస్సు టైము చెప్పినట్టు చెప్పారు. “దినామూ బిడ్డ పుస్తకం తెరిచి చూసేటోడు, ఆ బిడ్డను బడి యాడ మానిపిస్తాడు మే?”

అప్పటికి గాని నాకు తెలియలేదు. నా చదువు నిలబడింది నేను పెట్టిన బాణాల వల్ల కాదు, వాటిని వెతకడానికి మా నాయన రోజూ నా పక్కన కూర్చున్నందువల్ల. ఆ పని ఆయనకు అప్పగించింది సారు. ఇప్పుడు మా బడికి వచ్చే తల్లిదండ్రులకు కూడా ఏదో ఒక చిన్న పని చెప్పి పంపుతాను. అందరూ చేయరు. చేసినవాళ్ళ పిల్లలు మాత్రం బడి మానలేదు. ఇది సారు పెట్టిన భిక్షే.

కడసారి చూపుకు నేను కాపురముంటున్న పులివెందుల నుంచి, నాయన జమ్మలమడుగు నుంచి బయల్దేరి ప్రొద్దుటూరు బస్టాండులో కలుసుకున్నాం. రిటైరయ్యాక సారు మారిన ఇల్లు మా ఇద్దరికీ తెలియదు. బంగారు అంగళ్ళ వెనక సందుల్లో ఉందని మాత్రమే విన్నాం. ఆటో అతను సందు మొదట్లో దింపేసి, ఇంక లోపలికి పోదన్నాడు. ఎటు పోవాలా అని దిక్కులు చూస్తుంటే నాయన నా మోచేయి పట్టుకుని ఆపాడు.

“అదో, ఆడ చూడు.”

గోడ మీద చాక్‌పీసుతో ఒక గీత గీసి ఉంది. గీతకు నడుమ బాణం ఉంది.

“సారు కాడ చదివినోళ్ళే గీసింటారు. కొసకు పెట్టలేదు చూడు” అన్నాడు నాయన.

ఆ గీతలు పట్టుకుని పోయాం. ప్రతి మలుపులో ఒకటి ఉంది. ఎవరినీ దారి అడగాల్సిన పని పడలేదు. చివరి గీత సారు ఇంటి ఎదురు గోడ మీద ఉంది. లోపల ఆయన తెల్లచొక్కాలో, ఎప్పటిలా బస్సులో కునుకు తీస్తున్నట్టే ఉన్నారు. కాళ్ళకు దండం పెట్టుకుని, థాంక్స్ సార్ అన్నాను. ఆయన బతికుండగా ఆ మాట ఎన్నోసార్లు అన్నాను, ఆయన ఒక్కసారీ సరిగ్గా వినిపించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక మలుపులో గీత ఉంది గాని బాణం లేదు. వచ్చేపోయేవాళ్ళ భుజాలు తగిలి చెరిగిపోయినట్టుంది. బస్టాండు వైపు నుంచి ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు. నాయన అక్కడే ఆగి, గోడ కింద అటూ ఇటూ వెతికి, ఒక చాక్‌పీసు ముక్క ఏరుకున్నాడు. జన్మలో ఒక్క అక్షరం రాయని మనిషి, గోడకు దగ్గరగా నిలబడి, గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో చూసుకుని, సరిగ్గా నడుమ బాణం పెట్టాడు.