పెద్ద డాక్టరుకు భయపడని డబ్బా, మా ఆపా

మా దవాఖాన మందుల విభాగంలో కంప్యూటర్ చూపే ప్రమాద హెచ్చరికలను యాజమాన్యం తీసేయించింది. కౌంటర్ దగ్గర వరుస కదలడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. తీసేయొద్దని చివరిదాకా వాదించిన మా పెద్ద ఫార్మసిస్టు పోయిన వారం గుండెపోటుతో కన్నుమూసింది. ఈ రెండింటికీ ముడిపెట్టి కరపత్రం రాయాలని నాకు చేతులు దురద పెట్టాయి. రాయలేదు. రుజువు లేని మాటను ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమెను మేమంతా ఆపా అనే, అంటే అక్కా అని, పిలిచేవాళ్లం. అత్తాపూర్ నుంచి బస్సులో శంషాబాద్ వచ్చేది. రాగానే చున్నీ అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఆ తర్వాతే కంప్యూటర్ తెర వైపు చూసేది. రాసిన రెండు మందులు ఒకదానికొకటి పడకపోయినా, మోతాదు మించినా ఆ తెర మీద ఎర్ర పెట్టె వచ్చేది. అది రాగానే ఆపా మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసేది. హెచ్చరికంతా పైకి చదివాకే మళ్లీ ముట్టుకునేది.

చేరిన కొత్తలో, చదివిన కరపత్రాల వేడిలో, "ఈ డబ్బా రేపు మన కొలువులు తింటది ఆపా" అన్నాను.

ఆమె నవ్వింది. "తింటదో లేదో గానీ బేటా, ఇది పెద్ద డాక్టరుకు భయపడదు. నువ్వు, నేను భయపడతం. జర దాని పక్కన నిలబడు."

నిలబడడమంటే ఏమిటో కొత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చిన రోజు చూశాను. రక్తం పలచబరిచే మందు వాడుతున్న ఆయనకు మోకాళ్ల నొప్పికని ఇంకో మాత్ర రాశారు. రెండూ కలిస్తే లోపల రక్తస్రావం కావచ్చని ఎర్ర పెట్టె వచ్చింది. ఆపా డాక్టరుకు ఫోన్ కలిపింది.

"ఏందమ్మా, మందులిస్తవా, ముచ్చట పెడతవా?" అని వరుసలో ఒకాయన అరిచాడు.

"రెండూ చేస్త అన్నా, జర ఆగు," అని ఆయనకు చెప్పి, ఫోన్‌లో మెత్తగా అంది: "మీకు తెల్సు సార్. అయినా ఇయ్యాలంటే కారణం రాయమని కంప్యూటర్ అడుగుతున్నది. ఏం రాయమంటరు?"

మాత్ర మారింది. కొత్తూరాయన తనకేం తప్పిందో తెలియకుండానే సంచి పట్టుకుని బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

అలాగని యంత్రాన్ని ఆమె నెత్తిన పెట్టుకోలేదు. పనికిరాని హెచ్చరికలు కుప్పలుగా వస్తే, చూడకుండానే నొక్కేయడం చేతికి అలవాటవుతుందని ముందుగా చెప్పింది ఆమే. "అన్నిటికీ మొత్తుకుంటే ఎవరింటరు సార్? చిన్నయి తీయుండ్రి, పానం తీసేటియి ఉంచుండ్రి" అని మీటింగులో అడిగింది. యాజమాన్యం మొదటి సగమే విని, అన్నీ తీసేసింది. అప్పటి నుంచి ఆపా చేతనైనన్ని చీటీలను తానే సరిచూసేది. ఒక్క మనిషికి ఎన్ని అందుతాయి? ఇప్పుడు ఆ మనిషి కూడా లేదు. వరుస మాత్రం జోరుగా కదులుతోంది.

ప్రాణం మీదికి తెచ్చే మందులకైనా హెచ్చరికలు తిరిగి రావాలి. మనం అడిగేది అంతే. నినాదాలొద్దు. ఇంట్లోవాళ్లు వాడే మందుల చీటీలు తెచ్చుకోండి. దవాఖాన గేటు ముందు నిలబడి, ఒక్కొక్కరం మన చీటీ ఎత్తి చూపి, "దీన్నిప్పుడు ఎవరు చూస్తున్నరు?" అని అడుగుదాం. జవాబు వచ్చేదాకా కదలొద్దు. ఈ శనివారం, సాయంత్రం ఐదు గంటలకు.