అహ్మది వెనక నల్ల చెరువు

కువైట్‌లో చెరువెక్కడిదని నన్ను ఎగతాళి చేసినవాళ్లు ఫింటాస్‌లో మా గదిలోనే నలుగురున్నారు. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, ఉండేదని. నీళ్ల చెరువు కాదు, నూనె చెరువు. యుద్ధంలో తగలబెట్టిన బావుల నుంచి కారిన ముడినూనె అహ్మది వెనక ఎడారి పల్లాల్లో నిలిచిపోయింది. తొంభై రెండులో నేను దిగింది ఆ నూనె తోడే పనికే. ఇప్పుడు ఓ బిల్డింగుకి వాచ్‌మన్‌ని. ఈ నెలాఖరుతో ఇఖామా, అంటే ఇక్కడుండే పర్మిటు, అయిపోతుంది, మళ్లీ కొట్టరు, వయసు మీరింది. ఖలాస్. ఊరికి పోయేలోపు ఆ చెరువు దగ్గర ఒక పిట్ట దిగి మళ్లీ లేవడం చూడాలని నా పట్టు. ఎందుకో ముందుకెళ్లి చెబుతాను. మొన్న వారంలో రెండు రోజులు గట్టి వాన కురిసింది. వాన వెలిసిన మూడో రోజు శుక్రవారం. ఇంతకన్నా మంచి రోజు దొరకదని బయల్దేరాను.

పొద్దున్న ఆరింటికి ఫింటాస్‌లో బస్సెక్కితే ఫహాహీల్‌కి ఇరవై నిమిషాలు, టిక్కెట్టు రెండొందల యాభై ఫిల్స్, అంటే పావు దీనారు. అక్కడ బస్టాండు దగ్గర మలయాళీ కొట్లో వంద ఫిల్స్‌కి చాయ్ తాగి, మధ్యాహ్నానికి పరోటాలు కట్టించుకున్నాను. ఓబులేసు ఏడింటికి వానెట్ తెచ్చాడు. వానెట్ అంటే ఇక్కడ వెనక తొట్టి ఉండే చిన్న బండి. ఓబులేసుది రాయచోటి వైపు, షుఐబాలో కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు, నాకన్నా పాతికేళ్లు చిన్న. నా దగ్గర పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. మీరు టాక్సీలో వెళితే రానూ పోనూ, అక్కడ ఆగడానికీ కలిపి ఎనిమిది దీనార్లు అడుగుతారు. ఎక్కకముందే తేల్చుకోండి, దిగాక గొడవ పెట్టుకుని లాభం లేదు.

బండెక్కగానే నా సంచీలో పాలపొడి డబ్బా చూసి వాడు నవ్వాడు. సొట్టలు పడి, రంగు పోయి ఉంది. "ఏంది పెద్దాయనా, దేశం పోతా ఇదొక్కటే తీసుకపోతాండావా?" అన్నాడు. అది పనిముట్టు అని చెప్పాను. మాది కొల్లేటి లంక. నడక రాకముందే దోనె ఎక్కాను. కిక్కిస గడ్డిలో పరజ పిట్టలు, అదే అడవి బాతులు, గుడ్లు ఎక్కడ పెడతాయో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. తర్వాత చేపల చెరువులు తవ్వారు. గట్ల మీద కూర్చుని డబ్బా కొట్టి, పిట్టలు చేపల మీద వాలకుండా తోలడం నా ఉద్యోగం. ఆ చేత్తోనే ఇక్కడికి వచ్చాను. చూస్తే ఎండకి నూనె చెరువు అచ్చం నీళ్లలాగే మెరుస్తోంది. చలికాలంలో ఉత్తరం నుంచి అలిసిపోయి వచ్చిన పరజలు నీళ్లనుకుని దిగుతున్నాయి. దిగినది లేవడం లేదు. నేను పంపు దగ్గర పని చేస్తూనే ఈ డబ్బా సంపాదించి, ఇనపముక్కతో వాయించడం మొదలుపెట్టాను. అక్కడ చేపల్ని కాపాడటానికి తోలిన పిట్టల్నే ఇక్కడ పిట్టల కోసం తోలాను.

ఓబులేసు విని, "నీళ్ల పక్కన పుట్టినోనివి, నూనె చెరువుకు కావలుంటివా? బాగుండాది నీ రాత," అన్నాడు. కావలి కాదురా, తోలేవోణ్ణి అన్నాను. ఇంతవరకూ గదిలో అందరికీ చెప్పిన కథే. గొప్పగా చెప్పుకునేవాణ్ణి. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు.

అహ్మది ఊరు దాటడానికి పదిహేను నిమిషాలు పట్టింది. కంపెనీ వాళ్ల ఇళ్లు, ముందు పూలమొక్కలు, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు. అప్పట్లో ఆ చెట్ల ఆకులన్నీ మసి. మా క్యాంపు బస్సు ఈ దారినే వెళ్లేది, వారమంతా ఎదురుచూస్తే కనిపించే పచ్చదనం ఇదొక్కటే. మసి పట్టినా ఆకు ఆకే కదా అనేవాడు మా ఊరి సత్యం. వాడూ నేనూ ఒకే సీట్లో కూర్చునేవాళ్లం. ఊరు దాటాక ఎడారి, కంచె, పైపులు. కంచె లోపలికి పాసు లేనిదే వెళ్లనివ్వరు, మేమూ వెళ్లలేదు. పాత పల్లంలో ఒక తునక మాత్రం కంచెకి బయట మిగిలింది. పక్కగా మట్టిదారి ఉంది. ఎనిమిదింపావుకి బండి ఆపాం.

చెరువు అక్కడే ఉంది, మెరుస్తోంది. ఓబులేసు నోరు తెరిచి నిలబడ్డాడు. దూరం నుంచి అది నూనో నీళ్లో నాకూ తెలియలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా దిగి నడిచి, ఒడ్డున వంగి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. తీసి చూసుకున్నాను. నలుపు అంటలేదు, వాన నీళ్లే. తోడగా మిగిలిన మడ్డి ఇరవై ఏళ్ల ఎండకి తారురోడ్డులా గట్టిపడింది. ఇసుకైతే వాన నీటిని తాగేసేది, ఈ గట్టి పొర తాగలేదు. మేము చేసిన పాడు నేల మీదే నీళ్లు నిలిచాయి.

అక్కడే కూర్చున్నాం. అప్పుడు వాడికి మిగతా సగం చెప్పాను. ఒకనాడు నేను డబ్బా కొడుతుంటే పంపు వట్టిగా తిరిగి వేడెక్కింది. పిట్ట నీకు జీతమిస్తుందా అని ఫోర్‌మన్ అందరి ముందూ కడిగేశాడు. నాకు పౌరుషం వచ్చింది. డబ్బా టాంకరు కిందకి విసిరేశాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం పరజల గుంపు చుట్టూ తిరిగింది, ఇరవై పైనే. డబ్బా ఇంకా టాంకరు కిందే, చేతికందే దూరంలో ఉంది. కొట్టలేదు. నన్ను తిట్టారుగా, చావనీ అనుకుని చూస్తూ కూర్చున్నాను. అన్నీ దిగాయి. సత్యం కర్ర పట్టుకుని పరిగెత్తి రెంటిని లాగాడు. సబ్బుపొడితో కడిగాడు. బతకలేదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం డబ్బా టాంకరు కింద నుంచి తీసి తెచ్చుకున్నాను. పని అయిపోయేదాకా మళ్లీ వదల్లేదు.

ఓబులేసు పరోటా విప్పి సగం నాకిచ్చాడు.

పది దాటాక వచ్చాయి. పరజలు కావు, ఉల్లంకులు, పొడుగుకాళ్ల చిన్న పిట్టలు. ఒక చుట్టు తిరిగి, దిగడానికి తల వంచాయి. నాకు తెలియకుండానే డబ్బా ఒళ్లోకి, రాయి చేతిలోకి వచ్చేశాయి. ఓబులేసు నా మణికట్టు పట్టుకున్నాడు.

"కొట్టొద్దు పెద్దాయనా. నువ్వే జూసినావు గదా. నీళ్లే."

తెలుసు. అయినా చెయ్యి ఆగడం లేదు, వాడు పట్టుకుంటేనే ఆగింది. ఏడు దిగాయి. ముక్కులు ముంచాయి, తాగాయి, అటూ ఇటూ నడిచాయి. నేను వాటి కాళ్లనే చూస్తున్నాను. ఎంతసేపో చెప్పలేను. మొదట ఒకటి లేచింది. తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఏడూ లేచాయి.

తిరుగు దారి పట్టాం. నేను చేసిన పాపం పోయిందని అనను, ఆ ఇరవై తిరిగి రావు. చిన్నప్పుడు కొల్లేట్లో పిట్టలు మా ఇంట్లోవాళ్లలా తిరిగేవి. పెద్దయ్యాక పొట్టకోసం అక్కడ, వాటి కోసం ఇక్కడ తోలుతూనే బతికాను. జీవితంలో ఒక్కరోజు కోపం లేకుండా, తోలకుండా ఊరికే కూర్చుని చూశాను, అదీ చెరువుందని ఎవరూ నమ్మని చోట. ఫహాహీల్‌లో దిగేటప్పుడు డబ్బా వానెట్‌లోనే వదిలాను. ఓబులేసు చూశాడు, వద్దనలేదు. ఆ వైపు తిరిగేది వాడే.

మీరు వెళితే ఒక్క మాట. వాన వెలిసిన రెండు మూడు రోజుల్లో పొద్దున్నే వెళ్లండి, కంచె దాటకండి, ఖాళీ డబ్బా ఒకటి పట్టుకెళ్లండి. ముందు చెరువులో చెయ్యి పెట్టి చూడండి. నలుపు అంటితే డబ్బా కొట్టండి. అంటకపోతే కింద పెట్టి కూర్చోండి.